కాలు జారడానికీ తుంటి విరగడానికీ మధ్య

రాజమండ్రిలోనో అమలాపురంలోనో భీమవరంలోనో ఎముకల డాక్టరు గది బయట ఒక పూట కూర్చుంటే, స్ట్రెచర్ మీద వచ్చిన ముసలివాళ్ల వెంట ఉన్న కొడుకో కోడలో చెప్పే మొదటి మాట దాదాపు ఒకటే: "ఆయ్, బాత్రూంలో కాలు జారిందండి." ఆ మాటతో కారణం తేలిపోయినట్టు అందరూ భావిస్తారు. ఎక్స్‌రే చూసిన డాక్టరు "ఎముకలు గుల్లబారిపోయాయి" అంటే రెండో కారణమూ దొరికినట్టవుతుంది. అయితే ఈ రెండు మాటలూ రెండు వేర్వేరు ప్రశ్నలకు జవాబులు. మనిషి ఎందుకు పడింది అన్నది ఒక ప్రశ్న. పడినంతమాత్రాన తుంటి ఎందుకు విరిగింది అన్నది మరొకటి. ఇంట్లోవాళ్లు మొదటిదానికి నేలను, ఆసుపత్రివాళ్లు రెండోదానికి వయసును చూపించి ఊరుకోవడం వల్ల రెండు ప్రశ్నలూ సగంలోనే ఆగిపోతున్నాయి.

కోనసీమలో కాలవ గట్టున ఉన్న ఊళ్లో మా మేనత్త విషయంలోనూ ఇదే జరిగింది. ఆవిడకు అప్పటికి 74 ఏళ్లు. ధనుర్మాసంలో ఒక రోజు ఇంకా చీకటి ఉండగానే లేచి వాకిట్లో కల్లాపి చల్లి, బకెట్ పక్కన పెట్టి, ముగ్గు డబ్బా అందుకోవడానికి వెనక్కి తిరగబోయి కుడి పక్కకు పడిపోయింది. అరుగు మీంచి కాదు, మెట్ల మీంచి కాదు, నిలబడిన చోటే. లేవబోతే కుడికాలు మాట వినలేదు. మంచం మీద పడుకోబెట్టాక చూస్తే ఆ కాలు రెండోదానికన్నా కాస్త పొట్టిగా, పాదం బయటకు వాలిపోయి ఉంది. "ఏం కాలేదురా, నరం పట్టేసింది, కాస్త తైలం రాయండి" అని ఆవిడే అంది. తైలం రాశారు. ఊళ్లో సూది మందు ఇచ్చే ఆయన వచ్చి నొప్పికి ఇంజెక్షన్ కూడా చేశాడు. ఎక్స్‌రే దాకా వెళ్లేసరికి రెండు రోజులు గడిచాయి. కాలు పొట్టిపడి పాదం బయటకు తిరగడం తుంటి విరిగిందనడానికి కంటికి కనిపించే గుర్తు అని మాలో ఒక్కరికీ తెలియదు.

ముందు కొన్ని లెక్కలు చూద్దాం. 65 దాటినవారిలో ప్రతి ముగ్గురిలో ఒకరు ఏడాదిలో కనీసం ఒకసారి పడతారని వివిధ దేశాల పరిశీలనలు చెబుతున్నాయి. ఆ పడిపోవడాల్లో తుంటి విరగడంతో ముగిసేవి నూటికి ఒకటి, అటూ ఇటూగా. అదే తుంటి విరిగినవారి వైపు నుంచి చూస్తే, నూటికి తొంభై మందికి పైగా పడినవాళ్లే. అంటే పడకుండా తుంటి విరగడం అరుదు, పడినా విరగకపోవడమే మామూలు. "ముందు ఎముకే విరిగి ఉంటుంది, అందుకే పడింది" అని మన వైపు తరచూ వినిపించే మాట కొద్దిమంది విషయంలోనే నిజం: క్యాన్సర్ ఎముకకు పాకినవారు, ఎముక ఎప్పటి నుంచో చిన్న పగులుతో నెట్టుకొస్తున్నవారు. మిగిలినవారందరిలో పడటమే ముందు. కాబట్టి మిగతా తొంభై తొమ్మిది సార్లు ఊరికే లేచి దులుపుకుని వెళ్లిపోయిన మనిషికి ఆ ఒక్కసారి ఏం మారిందన్నదే అసలు చిక్కుముడి.

మారేవాటిలో మొదటిది పడే దిక్కు. నడివయసువాళ్లు చురుగ్గా నడుస్తూ తట్టుకుంటే ముందుకు పడతారు. చేతులు ముందే నేలకు ఆనుతాయి. అందుకే యాభై, అరవైల్లో ఎక్కువగా విరిగేది మణికట్టు. డెబ్బై దాటాక నడక నెమ్మదిస్తుంది, చేతులు చాచే వేగం తగ్గుతుంది. నెమ్మదిగా కదులుతూ, లేదా నిలబడే తిరుగుతూ తూలినవాళ్లు పక్కకు కూలబడతారు. శరీరం బరువంతా తొడ పక్కన చేతికి తగిలే ఎముక బొడిపె మీదికి నేరుగా వచ్చేస్తుంది. పక్కకు పడితే తుంటి విరిగే ప్రమాదం మిగతా దిక్కులతో పోలిస్తే ఆరు రెట్ల దాకా ఎక్కువని లెక్కగట్టారు. మరో విషయం చాలామందికి ఆశ్చర్యం కలిగిస్తుంది. నిలబడిన ఎత్తు నుంచి పడే శరీరంలో ఉండే శక్తి, ముసలి తుంటిని విరగ్గొట్టడానికి కావలసినదానికన్నా ఎన్నో రెట్లు ఎక్కువ. ఆ శక్తిని మధ్యలో మింగేసేవి తొడ కండరాలు, తుంటి చుట్టూ ఉండే కొవ్వు, మోకాళ్లు వంచి చేతులు ఆనించి పడే ఒడుపు. ఈ మూడూ వయసుతో తగ్గేవే. బక్కపలచని ముసలివాళ్లకు ప్రమాదం ఎక్కువ కావడానికి ఎముక పలచబడటం ఒక కారణమైతే, ఎముకకూ గచ్చుకూ మధ్య మెత్త లేకపోవడం మరొకటి. "సన్నగా ఉంటే ఏ జబ్బూ రాదు" అన్న మాట ఇక్కడ మాత్రం చెల్లదు.

రెండోది ఎముక ఆకారం. తొడ ఎముక పైభాగం తిన్నగా ఉండదు. కటి ఎముకలోని గిన్నెలో తిరిగే బంతి లాంటి తల, దాన్ని కిందికి కలిపే మెడ, ఆ మెడ మొదట్లో బయటి వైపు పొడుచుకొచ్చిన బొడిపె, దాని కింద నిలువు ఎముక. మెడకూ నిలువు ఎముకకూ మధ్య సుమారు 130 డిగ్రీల కోణం ఉంటుంది. పెంకుటింటి చూరు కింద ఏటవాలుగా నిలబెట్టిన ఊత కర్ర లాంటిది ఈ మెడ. నడిచేటప్పుడు ఒంటికాలి మీద నిలిచే ప్రతి క్షణం దాని మీద శరీరం బరువుకు రెండున్నర, మూడు రెట్లు పడుతుంది. ఆ బరువును మోయడానికి లోపల సన్నటి ఎముక పుల్లలు అల్లికలాగా, బరువు వచ్చే దిశల్లోనే పేర్చి ఉంటాయి. వయసుతో ఆ పుల్లలు ఒక్కొక్కటే మాయమవుతాయి, అదీ ఒక వరుసలో: తక్కువ బరువు మోసేవి ముందు, ముఖ్యమైనవి చివర. మామూలు ఎక్స్‌రేలో ఏ వరుస మిగిలింది, ఏది పోయింది అని చూసి ఎముక బలాన్ని ఆరు మెట్లుగా చెప్పే పద్ధతిని 1970లో ప్రకటించినది మన దేశపు వైద్యుడు మన్మోహన్ సింగ్, ఆయన సహచరులు. (ప్రధాని అయినది వేరే మన్మోహన్ సింగ్.) ఖరీదైన స్కాన్ యంత్రాలు వచ్చాక ఆ పద్ధతి వెనకబడింది, అయినా ఎక్స్‌రే తప్ప మరో దారి లేని చోట ఈ వరుసలను చదవడం తెలిసిన కన్ను ఇప్పటికీ పనికొస్తుంది.

ఏటవాలు ఊతకు పైనుంచి బరువు పడితే తట్టుకుంటుంది, పక్కనుంచి దెబ్బ తగిలితే తట్టుకోలేదు. నడకలో నొక్కుడు పడే కింది అంచు మందంగా ఉంటుంది. పై అంచు వయసుతో కోడిగుడ్డు పెంకంత పలచబడుతుంది. పక్కకు పడినప్పుడు భారం తారుమారై ఆ పలచటి పై అంచే నొక్కుడుకు గురవుతుంది. జీవితమంతా ఒక రకం బరువుకు అలవాటుపడిన ఎముకకు ఆ ఒక్క క్షణంలో ఎన్నడూ ఎరగని బరువు వస్తుంది.

ఇక విరిగే చోట్లు ప్రధానంగా రెండు, ఈ తేడా తెలియకే చుట్టపక్కాల మధ్య ఎన్నో అనుమానాలు పుడుతున్నాయి. "మా పిన్నికి రాడ్ వేసి పంపేశారు, మీ అమ్మగారికి బాల్ మార్చాలంటున్నారంటే డబ్బుల కోసమే" అని వార్డులో ఒకరికొకరు చెప్పుకునే మాటలు నేను చెవులారా విన్నాను. తుంటి విరిగిందని పేరు ఒకటే అయినా ఆ ఇద్దరివీ వేర్వేరు విరుగుళ్లు. మొదటి రకంలో మెడ విరుగుతుంది. మెడ కీలు సంచి లోపల ఉంటుంది. తలకు రక్తం తీసుకెళ్లే సన్నటి నాళాలు చాలావరకు ఆ మెడ ఒంటిని అంటిపెట్టుకునే పైకి పాకుతాయి. మెడ విరిగి పక్కకు జరిగిందంటే ఆ నాళాలు తెగుతాయి, నీరు అందని కొమ్మలాగా తల లోలోపల ఎండిపోతుంది. ఎంత గట్టిగా మేకులు బిగించినా చచ్చిన ఎముక అతకదు. అందుకే పెద్ద వయసువారికి ఆ తలను తీసేసి లోహపు తల అమర్చుతారు. జనం "బాల్ మార్చారు" అనేది దీన్నే. రెండో రకంలో కీలు సంచికి బయట, బొడిపెల దగ్గర విరుగుతుంది. అక్కడి ఎముక స్పంజిలా, రక్తం దండిగా ఉండి, అతుక్కునే గుణం ఉన్నది. కాని దానికి పట్టుకుని ఉన్న బలమైన కండరాలు తలా ఒక వైపు లాగేస్తాయి. వదిలేస్తే వంకరగా, పొట్టిగా అతుకుతుంది; కాబట్టి సరిచేసి లోపల రాడ్ గాని, స్క్రూతో ప్లేటు గాని వేస్తారు. రక్తం దండిగా ఉండే చోటు కనుక ఈ రకంలో తొడ లోపల, బయటికి చుక్క కనబడకుండా, చాలా రక్తం పోతుంది; రెండో రోజుకు ముసలమ్మ ముఖం పాలిపోయిందంటే కారణం దిగులు ఒక్కటే కాకపోవచ్చు. ఈ రెంటి తేడానూ, సంచి లోపల విరిగినది అతకకపోవడాన్నీ లండన్ శస్త్రవైద్యుడు ఆస్ట్లీ కూపర్ 1822లోనే, ఎక్స్‌రే అనే మాట పుట్టక ముందే గుర్తించి రాశాడు. మా అత్తయ్యది రెండో రకం. స్త్రీలలో వయసు పెరిగేకొద్దీ, ఎముక పలచబడేకొద్దీ ఈ రెండో రకం వాటా పెరుగుతుంది.

ఎముక పలచబడటం వెనక ఉన్న కథ ఒక ముసలితనానిది కాదు, మొత్తం జీవితానిది. ముప్పై ఏళ్లు వచ్చేసరికి ఎముకలో కూడవలసినంతా కూడుతుంది. ఆ తర్వాత ఖర్చే గాని జమ ఉండదు. బాల్యంలో తిండికి కటకటపడి, ఇరవై లోపే ఇద్దరు ముగ్గురు పిల్లల్ని కని పాలిచ్చిన తరం ఇప్పుడు డెబ్బైల్లో ఉంది. ముట్లు ఆగాక మొదటి ఐదారేళ్లలోనే ఎముక సంపదలో పదో వంతు దాకా, కొందరిలో అంతకు మించి కరిగిపోతుంది. భారతీయ స్త్రీలకు ముట్లు ఆగే వయసు పాశ్చాత్య దేశాలకన్నా కొన్నేళ్లు ముందు. దీనికి తోడు మన రాష్ట్రంలో మరీ ఎక్కువగా కనిపించే విషయం ఒకటుంది: గర్భసంచి తీయించేసుకోవడం. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీసేసినవారు దేశం మొత్తంలో 3.2 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం. అండాశయాలు కూడా తీసేస్తే ముట్లు ఆగినప్పటి పరిస్థితి ఆ రోజే మొదలవుతుంది; వాటిని ఉంచినా, అవి కొన్నేళ్లు ముందే అలిసిపోవడం మామూలు. ముప్పై అయిదేళ్లకు "ఇక పిల్లలు చాలు కదా, ఎందుకా సంచి" అని తీయించుకున్న మనిషి డెబ్బై ఏళ్లకు చేరేసరికి ఆమె ఎముకలు తోటివారికన్నా ఎన్నో ఏళ్లు ఎక్కువ కాలం ఆ రక్షణ లేకుండా గడిపి ఉంటాయి. తుంటి విరిగిన రోజున, నలభై ఏళ్ల క్రితపు ఆ ఆపరేషన్ ఎవరికీ గుర్తుకు రాదు.

తిండి విషయానికొస్తే, 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక డెల్టా వరి సీమ అయింది. మూడు పూటలా అన్నం మన గొప్పగా చెప్పుకుంటాం. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో పెద్దవారికి రోజుకు 1000 మిల్లీగ్రాముల కాల్షియం, ముట్లు ఆగిన స్త్రీలకు 1200 కావాలని చెప్పింది. నాలుగు వందల గ్రాముల బియ్యం వండుకు తిన్నా యాభై మిల్లీగ్రాములు రావడం కష్టం. వంద గ్రాముల చోళ్లలో సుమారు 350 ఉంటుంది, కాని మన వైపు చోడి అంబలి అంటే ఇప్పుడు షుగరు వచ్చాక డాక్టరు చెబితే తాగేదిగా మారింది. మునగాకులో వంద గ్రాములకు 300కు పైగా ఉంది. పెరట్లో మునగ చెట్టున్నా మనం కాయల వైపే చూస్తాం. ముల్లుతో సహా నమిలి తినే నెత్తళ్ల లాంటి చిన్న చేపలు నిజంగా మంచి ఆధారం. పెరుగు లేకుండా ముద్ద దిగదంటాం గాని, గేదె పాలు పాలకేంద్రానికి పోయాక ఇంటి పెద్దావిడ అన్నంలో పడేది నీళ్ల మజ్జిగే అయిన ఇళ్లు ఎన్నో.

ఎండ దండిగా ఉన్న దేశంలో విటమిన్ డి లోపమేమిటని చాలామంది నవ్వుతారు. తిరుపతిలో జరిగిన పరిశోధనలు పట్నాల్లోనే కాదు, పల్లెల్లో కూడా ఆ లోపం విస్తారంగా ఉందని ఇరవై ఏళ్ల క్రితమే తేల్చాయి. చర్మం రంగు, ఒళ్లంతా కప్పే బట్ట, మధ్యాహ్నపు ఎండకు తప్పుకోవడం అన్నీ కారణాలే. లోపం ఉన్నవారిలో అది ఎముకను మెత్తబరచడమే కాక తొడ కండరాలను కూడా బలహీనపరుస్తుంది. అయితే ఇందులో రెండో చివర కూడా ఉంది. మందుల షాపులో అడిగితే ఇచ్చే 60,000 యూనిట్ల విటమిన్ డి పొట్లాలను పరీక్ష లేకుండా, ఆపే తేదీ లేకుండా ఏళ్ల తరబడి వేసుకునేవారిని నేను చూస్తున్నాను. ఆస్ట్రేలియాలో ముసలి స్త్రీలకు ఏడాదికోసారి ఒకేసారి 5,00,000 యూనిట్లు ఇచ్చి చూస్తే పడిపోవడాలూ విరుగుళ్లూ తగ్గకపోగా పెరిగాయని 2010లో తేలింది. లోపం ఉన్నవారికి అవసరమైనంత ఇవ్వడం వైద్యం, అందరికీ గుప్పించడం కాదు.

ఎముకను లోలోపల తినేసేవాటిలో అందరి నోటా తక్కువగా వినిపించేది స్టెరాయిడ్. ఆయాసానికో కీళ్లవాతానికో డాక్టరు తెలిసి రాసే మాత్రల సంగతి వేరు. వాటికి లెక్క ఉంటుంది. లెక్క లేనివి, మోకాళ్ల నొప్పులకు "ఒక్క కోర్సుతో లేచి తిరుగుతారు" అని కాగితం పొట్లాల్లో కట్టి ఇచ్చే పేరులేని మాత్రలు. నిజంగానే లేచి తిరుగుతారు, ఆ తిరుగుడే వాటి మీద అనుమానం పుట్టించాలి. మూడు నెలలు దాటి వాడితే ఎముక పలచబడటం అప్పుడే మొదలైపోతుంది. షుగరు మరో తమాషా చేస్తుంది: స్కాన్‌లో ఎముక సాంద్రత బాగానే ఉన్నట్టు కనబడుతుంది గాని ఎముక నాణ్యత తగ్గి ఉంటుంది, అరికాళ్ల స్పర్శ పోయి పడటమూ పెరుగుతుంది. కాబట్టి స్కాన్ అంకె ఒక్కటే చూసి నిశ్చింతగా ఉండకూడదు. 1994లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ అంకెకు గీసిన మైనస్ 2.5 అనే గీతకు (అంతకు దిగితే ఎముక గుల్లబారినట్టు లెక్క) ఇవతలే ఉండి తుంటి విరిగినవారు కూడా గణనీయంగానే ఉన్నారు. గుళ్లలోనో కల్యాణ మండపాల్లోనో ఉచిత శిబిరాలు పెట్టి మడమకు ఆనించి చేసే పరీక్ష ఒక జల్లెడ మాత్రమే, తీర్పు కాదు.

ఇప్పటిదాకా చెప్పింది విరగడం గురించి. పడటం గురించిన ప్రశ్నకు "కాలు జారింది" అన్నదే జవాబా? కెనడాలో వృద్ధుల వసతి గృహాల్లో కెమెరాలు పెట్టి 227 పడిపోవడాలను వీడియోలో ఒక్కొక్కటిగా పరిశీలించిన అధ్యయనం 2013లో వెలువడింది. అందులో జారి పడినవి నూటికి మూడే. తట్టుకుని పడినవి 21. అన్నిటికన్నా ఎక్కువ, నూటికి 41, ఏ అడ్డూ లేకుండా, లేచేటప్పుడో తిరిగేటప్పుడో వంగేటప్పుడో ఒంటి బరువును ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి మార్చుకోవడంలో తప్పటం వల్ల జరిగినవి. ఆ గృహాల నేలలు మన ఇళ్ల నేలల్లా పొద్దస్తమానం తడిసి ఉండవు కనుక ఆ మూడు శాతాన్ని ఇక్కడికి తెచ్చి అతికించలేం. కాని ఒక్కటి ఒప్పుకోవాలి: పడిన మనిషికి ఆ అర క్షణం గుర్తుండదు, కింద తడి కనబడుతుంది, "జారాను" అంటుంది. మా అత్తయ్య కూడా అలాగే అంది. వెనక్కి తిరగబోతూ పడిందన్న సంగతి ఎదురింటి అరుగు మీంచి చూసినామె చెప్పేదాకా ఎవరికీ తెలియదు.

నేల అమాయకమైనదని కాదు. డెల్టాలో వానాకాలం వచ్చిందంటే పెరటి గచ్చుకు, నూతి పళ్లానికి, కాలవ రేవు మెట్లకు పాచి పడుతుంది. పాత ఇళ్ల గరుకు గచ్చు తీసేసి కొడుకులు పంపిన డబ్బుతో నున్నటి టైల్స్, గ్రానైట్ వేసుకుంటున్నారు. వాటి మీద నీటి చుక్క కంటికి కూడా కనబడదు. అరిగిన హవాయి చెప్పులు, కాళ్లకు చుట్టుకునే పంచె అంచు, గడప ఎత్తు, దూడను కట్టిన పలుపు అన్నీ లెక్కలోవే. మన రోడ్ల మీద మరొకటి కలుస్తుంది: బండి వెనక చీరతో ఒక పక్కకు తిరిగి కూర్చున్న పెద్దావిడ స్పీడ్ బ్రేకర్ దగ్గర వెనక్కి జారిపోవడం. దీన్ని ప్రమాదం కింద రాస్తారు గాని, విరిగే ఎముక అదే.

నేలకన్నా ఎక్కువగా నన్ను కలవరపెట్టేది మందుల డబ్బా. బీపీకి రెండు రకాలు, ఒంట్లో నీరు లాగే మాత్ర ఒకటి, నిద్ర పట్టడం లేదంటే రాత్రికి ఒకటి. నిద్ర మాత్ర మత్తు దిగకముందే నీటి మాత్ర లేపుతుంది. మంచం మీంచి గభాలున లేచి నిలబడగానే బీపీ పడిపోయి కళ్లు తిరుగుతాయి. ఆ పెద్దావిడ చీకట్లో గోడ పట్టుకుని పెరట్లోని మరుగుదొడ్డికి బయలుదేరుతుంది. ఒక్కో మాత్రకూ ఒక్కో డాక్టరు ఉన్నాడు, డబ్బా మొత్తానికి ఎవరూ లేరు. పిల్లలు హైదరాబాదులోనో కువైట్‌లోనో అమెరికాలోనో ఉండి, ఇంట్లో ఒక్కరే మిగిలిన పెద్దవాళ్ల విషయంలో పడటం కన్నా పడి ఉండటం ప్రమాదకరం. గంటల తరబడి నేల మీదే ఉండిపోతే కండరం నలిగి ఆ విషం మూత్రపిండాల మీద పడుతుంది.

ఎవరికి ఎక్కువ అన్న లెక్క స్థూలంగా అందరికీ తెలిసిందే: తుంటి విరిగే ప్రతి నలుగురిలో ముగ్గురు దాకా స్త్రీలు, యాభై తర్వాత ప్రతి ఐదారేళ్లకూ ప్రమాదం రెట్టింపవుతూ పోతుంది. తల్లికో తండ్రికో తుంటి విరిగి ఉంటే పిల్లలకూ ఎక్కువ. మన దేశంలో జిల్లా స్థాయి లెక్కల్లో నాకు తెలిసినంతలో పేర్కొనదగినది హర్యానాలోని రోహ్‌తక్‌ది: అక్కడ యాభై దాటినవారిలో ఏడాదికి లక్షకు స్త్రీలలో 159, పురుషులలో 105 తుంటి విరుగుళ్లు తేలాయి. అంటే పాశ్చాత్య దేశాల్లో కనిపించేంత పెద్ద తేడా అక్కడ ఆడా మగా మధ్య లేదు. మగవాళ్లు తక్కువగా విరగ్గొట్టుకున్నా, విరిగాక ఏడాదిలోపు చనిపోయేది వాళ్లే ఎక్కువ. ఎముకలు గుల్లబారడం ఆడవాళ్ల జబ్బు అనుకుని వారిని ఎవరూ ఆ కోణంలో చూడరు.

మొత్తం మీద నలుగురైదుగురిలో ఒకరు ఏడాది తిరిగేసరికి ఉండరు, బతికినవారిలో మునుపటిలా నడిచేవారు సగం. విరిగిన ఎముక చంపదు, మంచం చంపుతుంది: ఊపిరితిత్తుల్లో నెమ్ము, పడక పుండ్లు, కాళ్లలో గడ్డకట్టిన రక్తం, మూత్రంలో ఇన్ఫెక్షన్, మనిషిని గుర్తుపట్టకుండా మాట్లాడటం. అందుకే వీలైతే 48 గంటల లోపు ఆపరేషన్ చేసి మర్నాడే నిలబెట్టాలంటారు. "ఈ వయసులో ఆపరేషనేమిటి, మూడు నెలలు పడుకోబెడితే అదే అతుకుతుంది" అన్న మాట దయతో చెప్పేదే గాని, ఆ మూడు నెలల్లో ఏం జరుగుతుందో తెలియక చెప్పేది. చేతి ఎముకకో కాలి పిక్క ఎముకకో వెదురు బద్దలతో కట్టు కడితే అతికిన సందర్భాలు అందరూ చెబుతారు. తుంటి దగ్గర కట్టు పైనుంచి కట్టినా లోపల కీలు కదులుతూనే ఉంటుంది, కండరం లాగుతూనే ఉంటుంది.

మా అత్తయ్యకు రాడ్ వేశారు. ఐదో రోజున వాకర్‌తో నాలుగడుగులు వేసింది. ఇంటికి పంపేటప్పుడు ఇచ్చిన కాగితంలో రాడ్ సైజు ఉంది, కుట్లు విప్పే తేదీ ఉంది, ఎముక గుల్లబారడానికి మందు మాత్రం లేదు. ఒక తుంటి విరిగినవారికి రెండోది విరిగే ప్రమాదం మిగతావారికన్నా ఎక్కువ. ఆపరేషన్ తర్వాత ఏడాదికోసారి నరానికి ఎక్కించే జోలెడ్రోనిక్ ఆమ్లం కొత్త విరుగుళ్లను 35 శాతం, మరణాలను 28 శాతం తగ్గించిందని 2007లో వచ్చిన పెద్ద పరిశోధన చూపించింది. మూత్రపిండాల పరీక్ష చేసి, కాల్షియం, విటమిన్ డి సరిచేసుకుని ఇవ్వవలసిన మందు అది. ఇంట్లోవాళ్లు అడిగితే తప్ప చాలాచోట్ల ఆ మాట రావడం లేదు. పడటం తగ్గించడానికి మందు లేదు, కసరత్తు ఉంది: తూకం నిలిపే వ్యాయామాలు క్రమంగా చేసినవారిలో పడిపోవడాలు సుమారు నాలుగో వంతు తగ్గుతున్నాయని పరిశోధనలన్నీ కలిపి చూసినప్పుడు తేలింది. గట్టు పట్టుకుని ఒంటికాలి మీద నిలబడటం, చేతులు ఆనకుండా కుర్చీలోంచి లేచి కూర్చోవడం లాంటివే. పీట మీద కూర్చుని లేచే అలవాటు పోయాక వాటిని వేరుగా నేర్పించుకోవలసి వస్తోంది.

మూడో నెల చూపించుకోవడానికి తీసుకెళ్లినప్పుడు, ఆ రోజు ఉన్న కుర్ర డాక్టరు ఎక్స్‌రే పక్కన పెట్టి, "ఎందుకు పడ్డారమ్మా?" అని అడిగాడు. "కాలు జారింది నాయనా" అంది. "అది కాదు, చూపెలా ఉంది?" అన్నాడు. రెండు కళ్లకూ శుక్లాలు ముదిరి ఉన్నాయి. ఒక కంటి శుక్లం తీయించుకుంటే పడిపోవడాలు మూడో వంతు తగ్గాయని డెబ్బై దాటిన స్త్రీల మీద బ్రిటన్‌లో జరిగిన పరిశీలన ఒకటుంది. ఆ సంగతి నేను తర్వాత చదివాను. తిరిగి వస్తూ కారులో ఆవిడే నెమ్మదిగా చెప్పింది, దసరా నుంచీ దీపం చుట్టూ పొగ కమ్మినట్టు ఉంటోందని, ఆ ధనుర్మాసంలో ముగ్గు పెడుతుంటే చుక్కలు కలవడం లేదని పక్కింటావిడ వేళాకోళం కూడా చేసిందని.